గుంటూరు నుంచి విజయవాడకు రోజువారీ ప్రయాణం: లగ్జరీ కారు కొనడమా, లీజుకు తీసుకోవడమా?

బ్రాడీపేట_డాక్టరు

సభ్యులందరికీ నమస్కారం. మేము భార్యాభర్తలిద్దరం వైద్యులం. ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో ఉంది. నా పని విజయవాడలో కాబట్టి వారంలో ఎక్కువ రోజులు పదహారో నంబరు జాతీయ రహదారి మీద కాజ టోల్‌గేటు దాటి వెళ్లి రావలసి ఉంటుంది. ఇంట్లో అమ్మ, నాన్న, పదో తరగతి చదువుతున్న అబ్బాయి ఉన్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇప్పుడు వాడుతున్న డీజిల్ బండి పాతబడింది కనుక, ఎక్స్ షోరూమ్ ధర 60 లక్షల రూపాయల దరిదాపుల్లో ఒక మంచి కారు తీసుకోవాలని అనుకుంటున్నాము. నాకు మాత్రం స్వయంగా నడుపుకోవడానికి హుషారుగా ఉండే సెడాన్ మీద మనసు ఉంది. ఇంట్లోవారు ఎత్తుగా ఉండే కుటుంబ ఎస్‌యూవీ కావాలంటున్నారు. షోరూమ్ వారు సాధారణ రుణం, బెలూన్ రుణం, లీజు అని మూడు రకాల కాగితాలు చేతిలో పెట్టారు. లీజు, బెలూన్ రుణాలలో నెల వాయిదా తక్కువగా కనిపిస్తోంది గానీ, అది నిజంగా చవకో కాదో తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

అరండల్‌పేట_ఆడిటరు

డాక్టరు గారూ, ముందుగా 60 లక్షలు అన్న అంకెను మరచిపోండి, ఎందుకంటే ఆ ధరకు కారు మీ గుమ్మంలోకి రాదు. మన రాష్ట్రంలో 20 లక్షలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం, అంటే 10.80 లక్షలు. పది లక్షలు దాటిన వాహనం మీద విక్రేత వసూలు చేసే ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మకం దగ్గరే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, మరో 60 వేలు. ఇది ఖర్చు కాదు, రిటర్న్ దాఖలు చేసేటప్పుడు మీ పన్నులో సర్దుబాటు అవుతుంది. అయితే చాలామంది ఆ సంగతి తమ ఆడిటరుకు చెప్పడమే మరచిపోతారు. వీటికి మొదటి ఏడాది బీమా కలిపితే 73 లక్షల పైమాటే.

పాత కొటేషన్లు ఏవైనా మీ దగ్గర ఉంటే చింపేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు ఎత్తివేసి 40 శాతం జీఎస్టీ ఒక్కటే ఉంచారు. అంతకుముందు సెస్సుతో కలిపి అది 50 శాతం వరకూ ఉండేది. విద్యుత్ కార్ల మీద అప్పుడూ ఇప్పుడూ 5 శాతమే.

ఇక వాయిదాల సంగతి. 50 లక్షల రుణం, 9 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అనుకుందాము. సాధారణ రుణమైతే నెలకు సుమారు 1,03,800 రూపాయలు కడతారు, మొత్తం మీద వడ్డీ 12.3 లక్షలు అవుతుంది. అదే రుణంలో 20 లక్షలు చివరి నెలకు వాయిదా వేసే బెలూన్ పద్ధతి అయితే నెలకు 77,300 మాత్రమే కనిపిస్తుంది, కానీ ఆ 20 లక్షల అసలు మీద అయిదేళ్లూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది కనుక మొత్తం వడ్డీ 16.4 లక్షలకు చేరుతుంది. నాలుగు లక్షలకు పైగా అదనంగా కట్టి, చివరకు 20 లక్షలు ఒక్కసారి తేవాలి, లేదా కారును తిరిగి అప్పగించాలి. తిరిగి తీసుకునే ధర ఎంతో రాతపూర్వకంగా ముందే ఖాయం చేసిన పథకమైతే దాన్ని ఆలోచించవచ్చు. ఆ హామీ లేని బెలూన్ రుణం, నా దృష్టిలో, నెల వాయిదాను చిన్నదిగా చూపించే ఏర్పాటు మాత్రమే.

కృష్ణలంక_స్టీరింగ్

లెక్కలు ఆడిటరు గారు చూసుకుంటారు, నేను కారు గురించి మాట్లాడతాను. సెడాన్ అంటే మీరు చూస్తున్నది బీఎండబ్ల్యూ 330 ఎల్ఐ అయి ఉంటుంది. రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 258 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్. వీల్‌బేస్, అంటే ముందు వెనుక చక్రాల మధ్య దూరం, 2,961 మిల్లీమీటర్లు, అంటే ఇతర దేశాల్లో అమ్మే మామూలు త్రీ సిరీస్ కంటే 110 మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ పొడవంతా వెనుక సీటువారి కాళ్లకే దక్కుతుంది. నడపడంలో ఇంకా మజా కావాలంటే చెన్నైలోనే తయారయ్యే ఎం 340 ఐ ఉంది. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, 374 హార్స్‌పవర్, నిలిచిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లు. మీ బడ్జెట్ దాటుతుంది గానీ, ఒక్కసారి నరసరావుపేట వైపు వెళ్లి కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కించి చూడండి. ఆ మలుపుల్లో స్టీరింగ్ ఎంత సూటిగా పలుకుతుందో చూసినవారెవరూ మళ్లీ ఎత్తైన బండి వైపు తిరిగి చూడరు. లగ్జరీ పేరుతో కొన్న కారులో డ్రైవరుకు ఆనందం లేకపోతే ఆ డబ్బు దేనికి?

పటమట_లెక్చరరు

కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఏడాదికి ఎన్నిసార్లు ఎక్కుతారు? డాక్టరు గారి జీవితమంతా కాజ, మంగళగిరి, కనకదుర్గమ్మ వారధి, బెంజి సర్కిల్ మధ్య గడవబోతోంది. ఈ మార్గంలో నా కారు నేనే నడుపుకుంటాను కనుక చెబుతున్నాను. బోర్డు మీద 100 అని రాసి ఉన్నా, ఎదురుదిశలో వచ్చే ద్విచక్ర వాహనాలు, కుడివైపు వరుస వదలని లారీలు, మిర్చి సీజన్ వస్తే గుంటూరు యార్డు చుట్టూ నిలిచిపోయే బండ్ల వరుసలు, ఇవన్నీ కలిసి ఇంజను ఎంత పెద్దదైనా సగటు వేగాన్ని ఒక్కచోటికే తెస్తాయి. ఈ దారిలో నన్ను అలసట నుంచి కాపాడినవి హార్స్‌పవర్లు కావు; ముందు వాహనంతో దూరం పాటిస్తూ తానే వేగం తగ్గించి పెంచుకునే క్రూయిజ్ కంట్రోల్, గాలి ఆడే సీట్లు, బయటి హారన్లు వినిపించని అద్దాలు. మే నెలలో మధ్యాహ్నం పూట ఎండలో నిలిపిన కారులో నల్లతోలు సీటు మీద కూర్చున్నవారికి గాలి ఆడే సీటు విలువ వేరే చెప్పనవసరం లేదు. ఆ ఎండలకు పెద్ద గాజు పైకప్పు మన ప్రాంతానికి ఎవరు సిఫారసు చేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకొక ముఖ్య విషయం. మోకాళ్ల నొప్పులున్నవారికి సీటు ఎత్తు చాలా పెద్ద సమస్య. స్పోర్టీ సెడాన్‌లో సీటు మోకాలి కంటే కిందకు ఉంటుంది కాబట్టి కూర్చునేటప్పుడు పడినట్లు దిగబడాలి, లేచేటప్పుడు ఎవరో ఒకరు చేయి అందించాలి. మరీ ఎత్తైన బండికి ఫుట్‌బోర్డు ఎక్కాలి. తుంటి ఎత్తుకు సరిగ్గా సీటు వచ్చే చిన్న క్రాసోవర్లు వీటి మధ్యలో ఉంటాయి. కారు మీరు చూడకముందే అమ్మగారిని షోరూమ్‌కు తీసుకువెళ్లి, ఆమె ఎవరి సాయమూ లేకుండా ఎక్కి దిగగలరా అని చూడండి. సేల్స్ కుర్రవాడు చేయి అందిస్తానంటే వద్దనండి.

ఆటోనగర్_పానా

లెక్చరరు గారి మాటతో ఏకీభవిస్తూ, షెడ్డులో మేము చూసేవి కొన్ని చెబుతాను. ఖరీదైన స్పోర్టీ కార్లకు చక్రాలు పెద్దవి, టైరు గోడ పలచన. గుంతలో గట్టిగా పడితే టైరు పక్క ఉబ్బుతుంది లేదా రిమ్ము వంగుతుంది. ఉబ్బిన టైరును మరమ్మతు చేయలేము, మార్చవలసిందే. అనేక మోడళ్లలో స్టెప్నీ ఉండదు, రన్‌ఫ్లాట్ టైర్లు ఉంటాయి. గాలి పోయినా గంటకు 80 కిలోమీటర్లు మించకుండా సుమారు 80 కిలోమీటర్లు వెళ్లవచ్చు, కానీ వాటి గోడలు గట్టిగా ఉండటం వల్ల కుదుపు ఎక్కువ, ధరా ఎక్కువే. ఒక అంగుళం చిన్న చక్రాలున్న వేరియంటు దొరికితే, చూడటానికి కాస్త తక్కువగా ఉన్నా, దాన్నే తీసుకోమని నా దగ్గరకు వచ్చేవారందరికీ చెబుతాను.

రెండోది పార్కింగ్. విజయవాడ అపార్ట్‌మెంట్ల సెల్లారు ర్యాంపులు నిట్టనిలువుగా ఉంటాయి. ముందు బంపరు కింది పెదవి అక్కడే రాసుకుపోతుంది. పెద్ద కార్లకు వెడల్పు, పొడవు కూడా చిక్కే. మెర్సిడెస్ ఈ క్లాస్ పొడవు 5,092 మిల్లీమీటర్లు. మొగల్రాజపురం సందుల్లో దాన్ని ఒక్క తిప్పులో తిప్పగలిగిన డ్రైవరుకు నేను టీ ఇప్పిస్తాను. మీరు పనిచేసే చోట కారు ఎక్కడ నిలుపుతారో ఆ ర్యాంపు మీదికే టెస్ట్ డ్రైవ్ కారును తీసుకువెళ్లండి.

మూడోది, మళ్లీ డీజిల్ జోలికి వెళ్లదలిస్తే ఒక్క మాట. బీఎస్ ఆరు కాలుష్య ప్రమాణాల డీజిల్ కారులో పొగగొట్టంలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద ఆగకుండా కొంతసేపు నడవాలి. బ్రాడీపేట నుంచి లాడ్జి సెంటరు దాకా వెళ్లి వచ్చే తిరుగుడుకు అది మూసుకుపోతుంది. మీకు రోజూ హైవే ఉంది కనుక ఫరవాలేదు, కానీ ఆ కారును ఇంట్లోవారు ఊళ్లో మాత్రమే తిప్పితే బాధ తప్పదు.

సింగ్‌నగర్_వాసి

బీమా గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద మా వీధులను ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైన ఆ రోజుల్లో, మా ప్రాంతంలో ఎన్ని కార్లు బానెట్ దాకా నీటిలో నిలిచిపోయాయో చెప్పలేను. కారు మునగడం ఒక నష్టమైతే, నీరు తీశాక ఆత్రంగా స్టార్టు చేయడం అంతకు మించిన నష్టం. సిలిండర్లలో చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు కాబట్టి ఇంజనులోని కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మామూలు సమగ్ర బీమా వరద నష్టాన్ని భరించినా, ఇలా స్టార్టు చేయడం వల్ల ఇంజనుకు కలిగిన నష్టానికి ఇంజను రక్షణ అనే అదనపు కవరు ఉండాలి. లగ్జరీ కారు ఇంజను బాగుచేయించే ఖర్చులో ఒక కొత్త చిన్న కారు వస్తుంది, కాబట్టి ఆ ప్రీమియం దగ్గర పొదుపు చేయకండి.

అలాగే బీమా విలువ, అంటే కారు పూర్తిగా పోతే చేతికొచ్చే మొత్తం, ఏటా తగ్గుతుంది: ఏడాది దాటాక 20 శాతం, రెండేళ్లు దాటాక 30 శాతం, మూడేళ్లు దాటాక 40 శాతం. పైగా అది ఎక్స్ షోరూమ్ ధర మీద లెక్కగట్టేది; మీరు కట్టిన 10.80 లక్షల జీవితకాల పన్ను అందులో లేదు. కారు పూర్తిగా పోతే ఇన్వాయిస్ విలువ చెల్లించే కవరును పాలసీలో చేర్పించుకుని, అందులో రోడ్డు పన్ను కూడా వస్తుందో లేదో పాలసీ కాగితంలో స్వయంగా చదువుకోండి.

బ్రాడీపేట_డాక్టరు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఆడిటరు గారూ, లీజు గురించి మీరు ఏమీ రాయలేదు. లీజు కిరాయి మొత్తాన్ని ఖర్చుగా చూపించుకోవచ్చని షోరూమ్‌లో గట్టిగా చెప్పారు. అది నిజమేనా?

అరండల్‌పేట_ఆడిటరు

సగం నిజం. మీరు పూర్తి ఖాతాలు నిర్వహించి, వాటిని బట్టి ఆదాయం చూపించేవారైతే, వృత్తికి వాడిన మేరకు కిరాయిని ఖర్చుగా రాసుకోవచ్చు. కానీ మీరు వృత్తి ఆదాయంలో సగాన్ని లాభంగా చూపే అంచనా పద్ధతిలో ఉంటే, కిరాయి గానీ తరుగుదల గానీ విడిగా తగ్గించుకోవడానికి వీలు లేదు. మిగిలిన సగంలో అన్ని ఖర్చులూ కలిసిపోయినట్లే లెక్క. అటువంటప్పుడు పన్ను ఆదా అనే మాటకే చోటు లేదు. గుంటూరులో చిన్న క్లినిక్కులు నడిపే వైద్యులలో చాలామంది ఈ పద్ధతిలోనే ఉన్నారు, అయినా షోరూమ్‌లో ఈ ప్రశ్న ఎవరూ వేయరు.

పూర్తి ఖాతాలు ఉన్నవారు సొంతంగా కొన్నా, రుణం మీద వడ్డీతో పాటు ఏటా మిగిలిన విలువపై 15 శాతం తరుగుదల వస్తుంది. 75 లక్షల కారు అయిదేళ్ల తరువాత పుస్తకాల్లో సుమారు 33 లక్షల దగ్గర ఉంటుంది, అంటే 41 లక్షలకు పైగా అప్పటికే ఖర్చు రాసినట్లు. ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాది సగం తరుగుదలే దక్కుతుంది కనుక, దసరాకు కొనాలా సంక్రాంతికి కొనాలా అన్న ప్రశ్నలో ముహూర్తంతో పాటు ఇది కూడా చూసుకోండి.

లీజులో దాగి ఉన్న మరో భారం జీఎస్టీ. కారు కొనుగోలుకు ఏ రేటు వర్తిస్తుందో, డ్రైవరు లేకుండా కారును కిరాయికి ఇచ్చినప్పుడూ అదే రేటు వర్తిస్తుంది. పెద్ద పెట్రోలు కారైతే నెలనెలా కిరాయి మీద 40 శాతం. ప్రయాణికుల కార్ల మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుబాటు చేసుకోవడానికి, చట్టం ఒప్పుకోదు. అందుచేత లీజు కొటేషన్‌లో "పన్నులు అదనం" అన్న చిన్న అక్షరాలను ముందుగా చదవండి.

కిలోమీటర్ల పరిమితి ఇంకొకటి. మీ ఇంటి నుంచి పనికి వెళ్లి రావడం 70 కిలోమీటర్లు. ఏడాదికి 250 రోజులు తిరిగినా 17,500. దానికి పెళ్లిళ్లు, తిరుపతి, హైదరాబాద్ ప్రయాణాలు చేరితే 20 వేలు దాటుతుంది. ఏడాదికి 15 వేలకు రాసిన ఒప్పందం మీకు సరిపోదు. దాటిన ప్రతి కిలోమీటరుకు అపరాధ రుసుము ఉంటుంది. తిరిగి అప్పగించే రోజున రిమ్ముల మీది గీతలు కూడా లెక్కిస్తారు. రెండు మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటు ఉన్నవారికి, లేదా యజమాని సంస్థ ద్వారా జీతంలో భాగంగా లీజు పొందే ఉద్యోగులకు ఇది బాగుంటుంది. ఏడెనిమిదేళ్లు ఒకే కారు వాడే మీవంటివారికి కాదు.

లక్ష్మీపురం_కుర్రవాడు

ఢిల్లీ నుంచి పాత లగ్జరీ కార్లు సగం ధరకు వస్తున్నాయి కదా? 20 లక్షలకు పెద్ద జర్మన్ డీజిల్ ఎస్‌యూవీ తెచ్చుకుని, మిగిలిన 40 లక్షలు ఎక్కడైనా పెట్టుబడి పెట్టవచ్చు కదా?

ఆటోనగర్_పానా

చవకగా ఎందుకు వస్తున్నాయో కూడా అడగాలి, తమ్ముడూ. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలను రోడ్డు మీద తిరగనివ్వకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. ఆ గడువు దగ్గర పడినవి ఇటు దిగుతూ వచ్చాయి; 2025లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సడలించింది. అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ), ఇక్కడి జీవితకాల పన్ను, పాత రుణం తీరినట్లు ఫైనాన్స్ సంస్థ ఇచ్చే 35వ నంబరు ఫారం, పన్నెండు నెలల లోపు ఇక్కడి నంబరు, ఇవన్నీ పూర్తయ్యాక ఎయిర్ సస్పెన్షన్ ఒకవైపు కుంగిందంటే ఆ బిల్లు చూసి పెట్టుబడి మాట మీరే మరచిపోతారు. పాతది కావాలంటే మూడేళ్లలోపు కారు, కంపెనీ వారంటీ మిగిలి ఉన్నది, సర్వీసు చరిత్ర మొత్తం ఛాసిస్ నంబరు ఆధారంగా సర్వీసు కేంద్రంలో సరిచూసుకున్నది తీసుకోండి. మొదటి యజమాని భరించిన పన్నులు, మొదటి మూడేళ్ల ధర పతనం మీ ఖాతాలో పడవు. అటువంటి కారును నేనూ సమర్థిస్తాను.

తాడేపల్లి_ప్లగ్

ఆడిటరు గారు 5 శాతం జీఎస్టీ అని ఒక వాక్యంలో దాటేశారు గానీ, డాక్టరు గారి అవసరానికి అసలు విషయం అక్కడే ఉందని నా అభిప్రాయం. బీఎండబ్ల్యూ ఐఎక్స్ 1 లాంగ్ వీల్‌బేస్ 2025 జనవరిలో 49 లక్షల ఎక్స్ షోరూమ్ ధరతో వచ్చింది. బ్యాటరీ 66.4 కిలోవాట్ అవర్లు, కంపెనీ చెప్పే పరిధి 531 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని హైవే వేగంతో వెళితే అంత రాదు. మూడో వంతు తీసివేసి 350గా లెక్క వేసుకున్నా, రోజుకు 70 కిలోమీటర్ల ప్రయాణానికి వారానికి రెండుసార్లు ఛార్జి చేస్తే చాలు. బ్రాడీపేటలో మీది సొంత ఇల్లే అయితే 11 కిలోవాట్ల ఛార్జరుతో రాత్రి పెట్టి ఉదయానికి తీసుకోవచ్చు. అపార్ట్‌మెంటు అయితే మాత్రం సంఘం అనుమతి, మీటరు దగ్గర నుంచి కేబుల్ దారి ముందు తేల్చుకోవాలి. నా సగం జుట్టు ఆ సమావేశాల్లోనే నెరిసింది. హైదరాబాద్ వెళ్లేటప్పుడు సూర్యాపేట దగ్గర టిఫిను కోసం ఎలాగూ ఆగుతాము, ఛార్జింగు కూడా అక్కడే పెట్టుకోవచ్చు. జీవితకాల పన్నులో విద్యుత్ కార్లకు రాయితీ ఉత్తర్వు మీరు రిజిస్ట్రేషన్ చేయించే రోజున అమల్లో ఉందా అన్నది రవాణా శాఖ కార్యాలయంలో అడిగి రాయించుకోండి. షోరూమ్ మాట మీద ఆధారపడవద్దు.

కృష్ణలంక_స్టీరింగ్

ఐఎక్స్ 1 అంటే 204 హార్స్‌పవర్, ముందు చక్రాల డ్రైవ్, 100 కిలోమీటర్ల వేగానికి 8.6 సెకన్లు. 330 ఎల్ఐ ఈ పని 6.2 సెకన్లలో చేస్తుంది. కుటుంబానికి మంచి కారే, కాదనను. కానీ దాన్ని స్పోర్టీ కారు అని మాత్రం ఇక్కడ ఎవరూ రాయకండి.

తాడేపల్లి_ప్లగ్

నేను రాయలేదు. అయితే వారధి మీద లారీ వెనుక గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళుతూ ఖాళీ దొరికినప్పుడు దాటవలసి వస్తే, గేరు మారడం కోసం ఎదురుచూడకుండా పాదం కదిలిన క్షణాన కదిలే మోటారు ఎంత ఉపయోగమో నడిపి చూడండి. మన దారిలో స్పోర్టీతనం 40 నుంచి 80 మధ్యనే కావాలి.

బ్రాడీపేట_డాక్టరు

లెక్చరరు గారి సలహా ప్రకారం అమ్మను వెంటబెట్టుకుని మూడు కార్లూ చూసి వచ్చాము. సెడాన్‌లో ఆమె కూర్చోగలిగారు గానీ, దిగేటప్పుడు తలుపు పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించవలసి వచ్చింది. పెద్ద ఎస్‌యూవీ ఎక్కనే లేదు. ఐఎక్స్ 1 లో పక్కకు తిరిగి నేరుగా కూర్చుని, అదే విధంగా లేచారు. నాన్నగారు వెనుక సీటులో కాళ్లు చాపుకుని, ఇదే చాలన్నారు. 330 ఎల్ఐని హైవే మీద నడిపిన మాట నిజం, స్టీరింగ్ గారు చెప్పినదంతా నిజమే, దిగబుద్ధి కాలేదు. విజయవాడలో నేను కారు నిలిపే సెల్లారు ర్యాంపు మీద మాత్రం దాని ముందు భాగం కింద రాసుకుంది, ఐఎక్స్ 1 రాసుకోలేదు.

మా ఖాతాలు అంచనా పద్ధతిలోనే ఉన్నాయని మా ఆడిటరు కూడా ధ్రువీకరించారు, అందువల్ల లీజును పక్కన పెట్టాము. బెలూన్ లేకుండా నాలుగేళ్ల సాధారణ రుణానికి దరఖాస్తు చేస్తున్నాము. పాత డీజిల్ బండిని దూర ప్రయాణాలకు ప్రస్తుతానికి ఉంచుకుంటున్నాము. ఇంట్లో ఇప్పుడున్నది సింగిల్ ఫేజ్ కనెక్షన్. ఛార్జరు కోసం ఏమి చేయాలో ప్లగ్ గారు చెప్పగలరా?

తాడేపల్లి_ప్లగ్

11 కిలోవాట్లకు త్రీ ఫేజ్ తప్పనిసరి, ఒక్కో ఫేజుకు 16 ఆంపియర్లు పడుతుంది. ఇంటి ఏసీలు, గీజర్లతో కలిపి మొత్తం లోడ్ ఎంతో ఎలక్ట్రీషియన్‌తో లెక్క కట్టించి, విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్‌కు త్రీ ఫేజ్ మార్పు, అదనపు లోడ్ రెండింటికీ ఒకే దరఖాస్తులో అడగండి. కారు డెలివరీ కంటే ఆ మంజూరే ఆలస్యం కావచ్చు కాబట్టి బుకింగ్ రోజునే పెట్టండి. ఛార్జరుకు ప్రత్యేకంగా ఒక ఎర్తింగ్ గొయ్యి తీయించండి. పాత ఇళ్లలో ఎర్తింగ్ బలహీనంగా ఉంటే ఛార్జరు లోపం చూపించి ఆగిపోతుంది, అప్పుడు తప్పు కారుదని అనుకుంటారు. ఆ మంజూరు వచ్చేదాకా 15 ఆంపియర్ల సాకెట్టుకు పెట్టే చిన్న ఛార్జరుతో రాత్రంతా ఉంచితే మీ రోజువారీ ప్రయాణానికి సరిపడా ఎక్కుతుంది, కాకపోతే ఆ సాకెట్టుకు వేరే వైరు, లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపే వేరే ఎంసీబీ స్విచ్చి ఉండాలి.